కిలోమీటర్లు ఆయనవి, గంటలు నావి

విదేశంలో బండి మీద తిరిగి వద్దామని మా ఆయన అన్నప్పుడు నేను వెంటనే సరేనన్నాను. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఇలాంటి ముచ్చట్లు చాలా విన్నాను. ఇదీ నాలుగు రోజుల్లో చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. రెండు నెలలపాటు రాత్రి కంచాలు తీసీ తీయగానే బల్ల మీద వియత్నాం ఉత్తర కొండల మ్యాపు పరుచుకునేది. హాజాంగ్ చుట్టూ ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పెట్రోలు, ఏ ఊళ్ళో బస, అన్నీ ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి రాశారు. ఆ గళ్ళలో నా ప్రస్తావన ఒక్కచోటే ఉంది: 'వెనుక: సామాను, ఆవిడ'.

విమానం టికెట్లు కొనబోయే ముందు అసలు సంగతి తెలిసింది. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేదేమో 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్‌ను. పెద్ద బండి నడపాలంటే మన కాగితం అక్కడ చెల్లదు. 'అద్దెకిచ్చేవాళ్ళు అవన్నీ అడగరు, వెళ్ళిపోండి' అని తెలిసినవాళ్ళు ధైర్యం చెప్పారు. వాళ్ళు అడగరు సరే, కాలు విరిగితే బీమా వాళ్ళు మొదట అడిగేది లైసెన్సే కదా. రెండు రోజులు ఇంట్లో ఎవరో పోయినంత నిశ్శబ్దం. మూడో రోజు నోటుబుక్కులో కొత్త పేజీ తెరుచుకుంది: థాయిలాండ్. అది 1949 ఒప్పందంలో ఉన్న దేశం. పైగా మనలాగే ఎడమవైపు నడుపుతారు. చియాంగ్ మాయ్‌లో బయలుదేరి పాయ్, మేహాంగ్‌సన్, మేసరియాంగ్ మీదుగా మళ్ళీ అక్కడికే వచ్చే లూప్. దాదాపు 600 కిలోమీటర్లు, 1864 మలుపులు అని చెబుతారు. ఎవరు లెక్కపెట్టారో, ఎంత తీరిక దొరికిందో!

పర్మిట్ కోసం వెయ్యి రూపాయలు కట్టి వెళితే కౌంటర్‌లో గుమాస్తా "వీసా కాపీ ఏదండీ?" అన్నాడు. మనవాళ్ళకు అక్కడికి ముందుగా వీసా అక్కర్లేదని చెప్పాం. "అయితే వీసా కాపీ లేదన్నమాట" అని మళ్ళీ ఫైలు చూశాడు. మధ్యాహ్నం భోజనవేళ దాకా ఇదే సంభాషణ. చివరికి ఎవరో పెద్దాయన వచ్చి టికెట్ చాలన్నాడు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. పూర్తి సామానుతో, ఆ హెల్మెట్లతోనే, ముందు శ్రీశైలం వెళ్ళి రావాలి. "శ్రీశైలం మనకు తెలియని దారా?" అని విసుక్కున్నారు. దారి ఆయనకు తెలుసు, నా మోకాళ్ళకు తెలియదు. అడవిలో గేట్లు ఉదయం ఆరింటికి తీస్తారు కాబట్టి చీకటితోనే బయలుదేరాం. మన్ననూరు దాటేదాకా బాగానే ఉంది. దోమలపెంట దగ్గర ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపులో నేను జారి ఆయన వీపుకు గుద్దుకోవడం, ఆయన "సరిగ్గా కూర్చో" అనడం. ముందున్న మనిషికి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, మలుపు ఎటో కనిపిస్తుంది. వెనుకవాళ్ళకు కనిపించేది హెల్మెట్ వెనుక భాగం. హెల్మెట్లలో మాట్లాడుకునే పరికరం ఒకటి కొన్నారు. దాని వల్ల జరిగిన మేలేమిటంటే, ఇంట్లో పడాల్సిన తగాదా చెవిలోనే పడింది. ఆనకట్ట కనిపించేసరికి దాన్ని ఆపేసి భుజం మీద తట్టే పద్ధతి పెట్టుకున్నాం. ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపాలి.

ఆ రోజు తేలిందేమిటంటే గంటన్నరకు మించి నా నడుము నిలవదు. తిరిగొచ్చాక నోటుబుక్కు తీసుకుని ఆయన కిలోమీటర్ల పక్కన గంటలు రాశాను. చియాంగ్ మాయ్ నుంచి పాయ్ 130 కిలోమీటర్లు, ఆయన లెక్కలో మూడు గంటలు, నా లెక్కలో ఐదు. నాలుగు రోజుల లూప్ ఆరు రోజులైంది. "ఇలా అయితే నడిచే వెళ్ళొచ్చు" అన్నారు.

సామాను దగ్గర ఇంకో యుద్ధం. రెండు పక్క పెట్టెలు, ఒకటి ఆయనది, ఒకటి నాది అనుకున్నాం. నా పెట్టెలో ఆయన గొలుసు నూనె, పంక్చర్ సామాను కనిపించాయి. ఆయన పెట్టెలో నేను గోంగూర పచ్చడి, కందిపొడి దాచాను. అసలు గొడవ కూర్చునే జెల్ మెత్త గురించి. "గుడి ముందు ముసలమ్మలు వేసుకునే దిండులా ఉంది, అందరూ నవ్వుతారు" అని మూడుసార్లు బయటకు తీశారు. మూడుసార్లూ లోపల పెట్టాను.

నవంబరులో వెళ్ళాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ కొండల్లో తగలబెట్టిన పొలాల పొగ కమ్ముకుంటుంది, అప్పుడు వెళ్ళి లాభం లేదు. చియాంగ్ మాయ్‌లో 500 సీసీ బండి అద్దె అప్పుడు రోజుకు 1200 బాట్. బాటుకు అప్పటి లెక్కన రెండున్నర రూపాయలు వేసుకుంటే ఆరు రోజులకు 18,000 రూపాయలు. మన ఊళ్ళో ఆ డబ్బుకు పాత స్కూటర్ ఒకటి సొంతమైపోతుంది. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమని అడిగితే ఇవ్వకూడదని ముందే అనుకున్నాం, బదులుగా 10,000 బాట్ నగదు పెట్టాం.

ఆ అద్దె బండ్ల దుకాణం నడిపేది యాభై దాటిన ఆవిడ. మా ఆయన టైర్లు నొక్కుతూ, గీతలన్నిటికీ ఫోనులో ఫొటోలు తీస్తుంటే ఆవిడ ఆయన్ని పట్టించుకోనే లేదు. నా వైపు వేలు చూపించి ఎక్కి కూర్చోమంది. కూర్చున్నాను. వంగి నా చెప్పులు చూసి తల అడ్డంగా ఊపింది. లోపలికి వెళ్ళి మడమ మూసుకునే బూట్ల జత తెచ్చి పెట్టింది. తరువాత నా పాదం పట్టుకుని ఫుట్‌రెస్ట్ మీద సరిగ్గా ఆనించి, పక్క పెట్టె నా పిక్కకు తగులుతోందని దాన్ని విప్పించి అరచేయి మందం వెనక్కి జరిపించింది. చివరికి నా రెండు చేతులూ తీసి మా ఆయన నడుముకు చుట్టి, బిగించమన్నట్టు తన పిడికిలి చూపించింది. దుకాణంలో కుర్రాళ్ళు నవ్వారు. రెండు నెలల నోటుబుక్కులో లేని పని ఆవిడ పది నిమిషాల్లో చేసింది. బూట్లకు అద్దె తీసుకోలేదు.

పాయ్ దారి గురించి నేను చెప్పగలిగింది తక్కువ. 762 మలుపుల్లో సగం కళ్ళు మూసుకునే దాటాను. ఎదురొచ్చే మినీవ్యాన్ల జోరు చూస్తే మన ఘాట్ రోడ్డు జీపులే నయమనిపించింది. ఐదు గంటలు పట్టింది, ఆ మాట నేను ఎత్తలేదు. పాయ్ సంత వీధిలో ఆ 762ను టీషర్టుల మీద వేసి అమ్ముతున్నారు, కాఫీ మాత్రం మన కార్పొరేట్ ఆసుపత్రి క్యాంటీన్ ధరలకు తీసిపోదు. మేహాంగ్‌సన్‌లో చెరువు గట్టున బర్మా పద్ధతి గుళ్ళు, పొద్దున్నే మంచు. అక్కడ తెల్లన్నంలో గోంగూర కలుపుకుని తిన్నాం. చప్పిడి నూడుల్స్‌తో విసిగిన ఆయన వేలు నాకుతూ, పెట్టెలో ఇంకేమైనా దాచావా అని అడిగారు.

ఐదో రోజు ఖున్‌యువమ్ దగ్గర పక్కదారి పట్టి మేయూఖో కొండ ఎక్కాం. కొండ కొండంతా బువాతోంగ్ అనే పచ్చటి పసుపు పూలు. చూడగానే నాకు మా పుట్టింటి ఊరి చెరువు కట్ట మీద తంగేడు గుర్తొచ్చింది. బతుకమ్మకు ఆ పూలకోసం తెల్లవారుజామున పోటీపడి వెళ్ళేవాళ్ళం, ఒక్క పొదకు పదిమందిమి. ఇక్కడ కొండంతా పూసి ఉంటే కోసేవాళ్ళు లేరు. నేను రెండుసార్లు తట్టకుండానే ఆయన బండి ఆపారు. గంటసేపు ఉన్నాం. ఆ గంట నా గళ్ళలోనూ లేదు.

మేసరియాంగ్ చేరేసరికి చీకటిపడింది. ఆరో రోజు 190 కిలోమీటర్లు మిగిలాయి. పొద్దున నేను లెక్క కట్టి కిందికి వచ్చేసరికి సామాను అప్పటికే కట్టేసి ఉంది. జెల్ మెత్త ముందు సీటు మీద ఉంది, తాడుతో గట్టిగా కట్టి. ఆయన అద్దం తుడుస్తున్నారు, అవసరానికి మించి.

"పెట్టెలో చోటు లేదు, అందుకని" అన్నారు.

పెట్టెలో పచ్చడి సీసా ఖాళీ అయిన చోటు అలాగే ఉంది. నేనేమీ అనలేదు. ఎక్కి కూర్చుని, ఆవిడ చెప్పినట్టు పిడికిలి బిగించి పట్టుకున్నాను.