డచ్ నేర్చుకుంటూ తొమ్మిదో నెల: చీజ్ బండి దగ్గర

ఈ నెల పెట్టుకున్న నియమం ఒక్కటే: శనివారం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో, ఫ్రేడెన్‌బుర్ఖ్ సంతలో ఇంగ్లీషు మాట్లాడకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మన మాటలో కాస్త తడబాటు వినిపిస్తే చాలు, అవతలివాళ్లు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి, చదివిందేదీ నోటికి రాలేదు. అందుకే ఇప్పుడు ముందుగానే "ఇక్ లేర్ నేదర్‌లాన్త్స్", డచ్ నేర్చుకుంటున్నానని చెప్పేస్తున్నాను. ఆ ముక్క విన్నాక నాలుగు వారాల్లో ఒక్కరే ఇంగ్లీషు ఎత్తుకున్నారు. మిగిలినవాళ్లు నెమ్మదిగా, అవసరమైతే రెండోసారి కూడా చెప్పారు.

రోజూ ఉదయం 25 నిమిషాలు పదాల కార్డులు, రాత్రి భోజనమయ్యాక టీవీలో పిల్లల వార్తలు, డచ్ సబ్‌టైటిల్స్‌తో. పిల్లల కోసం చెప్పేవి కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉంటాయి. కార్డులు 1,140కి చేరాయి. మొదట్లో నామవాచకాల ముందు వచ్చే 'దె', 'హెట్' రాసుకోలేదు. అది పెద్ద పొరపాటు. ఏ మాటకు ఏది వస్తుందో చాలాసార్లు మాటను చూసి చెప్పలేం. నాలుగింట మూడు వంతులు 'దె' మాటలే. బహువచనాలన్నిటికీ 'దె'. చివర 'యె' చేర్చి ముద్దుగా, చిన్నదిగా చేసిన మాటలకు ఏకవచనంలో ఎప్పుడూ 'హెట్'. వీటిని ఆధారం చేసుకుని, 'హెట్' మాటలన్నీ నీలి సిరాతో తిరగరాశాను. రెండు వారాలు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజునుంచే ఇలా రాసుకోండి.

గడియారం దగ్గర గట్టి దెబ్బే తగిలింది. సైకిలు బాగుచేసే ఆయన "హాల్ఫ్ ఎల్ఫ్"కు రమ్మన్నారు. ఎల్ఫ్ అంటే పదకొండు, కాబట్టి పదకొండున్నర అనుకుని వెళ్లాను. ఆయన చెప్పింది పదిన్నర! మనం దాటిన గంటకు అర కలుపుతాం, వీళ్లు రాబోయే గంటలో సగం అయిందంటారు. 10:25 అయితే 'హాల్ఫ్ ఎల్ఫ్‌కు ఐదు తక్కువ'. అంకెలూ అంతే, 45ను 'ఐదూ నలభై' అంటారు. ధర వినగానే రాసుకునే అలవాటు చేసుకున్నాను.

తెలుగు ఎక్కడ ఆదుకుందో చెప్పాలి. "హెట్ రేఖెన్ట్ హార్ట్" అంటే వాన గట్టిగా పడుతోంది. రేఖెన్ట్ క్రియ, అది రెండో చోట ఉంది. దాని ముందు కారణం చెప్పే 'ఒమ్‌దాత్' చేరితే క్రియ చివరికి పోతుంది: "ఒమ్‌దాత్ హెట్ హార్ట్ రేఖెన్ట్". ఇంగ్లీషు దారిలో ఆలోచించినన్నాళ్లూ ఇది తప్పుతూనే ఉంది. 'వాన గట్టిగా పడుతోంది కాబట్టి' అని తెలుగులో అనుకున్న రోజునుంచి క్రియ దానంతటదే చివరికి చేరుతోంది. గొంతు వెనుకనుంచి ఒరుసుకుంటూ వచ్చే ఆ 'ఖ' కూడా హైదరాబాదు ఉర్దూ విన్న చెవికి కొత్తేమీ కాదు. 'మీరు', 'నువ్వు' తేడా సైతం ఉంది: పెద్దవాళ్లను 'ఉ' అంటారు, చనువున్నవాళ్లను 'యె'.

ఇక మొన్నటి శనివారం. చీజ్ బండి ముందు ఆరుగురు. అమ్మే ఆవిడ "ఎవరి వంతు?" అనగానే చెయ్యెత్తాను. ఇక్కడ తూకం కిలోల్లోనే అయినా పాత పేర్లు పోలేదు: 'ఆన్స్' అంటే 100 గ్రాములు, 'పాంట్' అంటే 500. 'యోంగ్ బెలేఖెన్' ఒక పాంట్ అడిగాను. మరీ లేతా కాదు, ముదురూ కాదు, వెన్న రుచి ఇంకా పోని చీజ్ అది. ఆవిడ రెండు పిడుల కత్తిని పసుపుపచ్చని చక్రం మీద ఆనించి, ఒళ్లంతా బరువు వేసి దించింది. త్రాసు 540 చూపింది. "మఖ్ హెట్ ఇత్స్యె మేర్ జైన్?" కాస్త ఎక్కువైతే ఫరవాలేదా అని. ఆలోచించకుండానే "యా హోర్" అన్నాను. ఆ 'హోర్'కు అర్థం వెతికితే దొరకదు, మనం 'ఫరవాలేదులెండి' అన్నప్పటి 'లెండి' లాంటిది. ఏ పాఠంలోనూ కంఠస్థం చేయలేదు, సంతలో విని విని వచ్చేసింది.

పక్కింటి పాప పుట్టినరోజుకు కూడా వెళ్లాను. పాపకే కాదు, వాళ్ల అమ్మకు, తాతకు కూడా "ఖెఫేలిసితేర్ట్" అని అభినందనలు చెప్పాలి. గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరికీ వరసగా చెప్పుకుంటూ వెళ్లేసరికి ఆ మాట పదకొండుసార్లు అన్నాను. ఇక మరచిపోయే ప్రశ్నే లేదు.

వచ్చే నెల ఫోను. ఎదుటి ముఖం కనిపించదు, చేతులతో చూపించడానికి వీలుండదు. పళ్ల డాక్టరు దగ్గర సమయం అడగడానికి ఐదు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. సోమవారం ఉదయం చేస్తాను.