లక్ష రూపాయల్లో ఫుల్‌ఫ్రేమ్, మధ్యలో ఒక పాత 50 ఎంఎం లెన్సు

డిసెంబర్ సంగీత సీజన్‌లో చెన్నై మైలాపూర్‌లో ఒక చిన్న సభ. గాయని శహాన రాగం ఆలాపన చేస్తున్నారు, హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మూడో వరసలో చివరి కుర్చీలోంచి నా నికాన్ డీ7200 ఎత్తి ఒక ఫోటో తీశాను. టక్కుమంది. అద్దం పైకి లేచి కిందికి పడే ఆ చప్పుడు వీధిలో అయితే ఎవరికీ వినపడదు, అక్కడ మాత్రం ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చూశారు. కోపంగా ఏం కాదు, ఏదో తెగిపోయినట్టు చూశారు. ఇక ఆ తర్వాత గంటన్నర సేపు చప్పట్ల కోసం కాచుకుని కూర్చుని, ఆ చప్పట్లలో కలిపేసి ఒక్కొక్కటే తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆమె పాడుతున్న ముఖం ఒక్కటీ లేదు, అన్నిట్లో నమస్కారం పెడుతున్నారు.

ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా కొనాలని ఆ రాత్రే అనుకున్నాను. అందులో అద్దమే ఉండదు, ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే అసలు చప్పుడే రాదు. చేతిలో ఉన్నది లక్ష. బాడీ, లెన్సు, పాత లెన్సులు కొత్త బాడీకి తగిలించే అడాప్టర్ అన్నీ అందులోనే కావాలి.

ఫుల్‌ఫ్రేమే ఎందుకు అని ఇంట్లో అడిగారు. వెలుతురు కోసం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, అంటే వెలుతురుని పట్టే చిప్పు, 36 బై 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. నా డీ7200లో ఉండే చిన్న సెన్సర్, దాన్నే క్రాప్ సెన్సర్ అంటారు, సుమారు 23.5 బై 15.6, అంటే 366. ఒకే సెట్టింగుల్లో తీస్తే పెద్ద సెన్సర్ మీద రెండింతలకు పైగా వెలుతురు పడుతుంది. పగలు బీచ్‌లో తీసేవాళ్ళకి దీనితో పెద్ద పని లేదు. స్టేజీ మీద రెండు పసుపు లైట్లు వేసి వదిలేసే హాళ్ళలో తీసేవాళ్ళకి మాత్రం అదే ప్రాణం.

నెల రోజులు రివ్యూలు చూశాను. చూసేకొద్దీ టెన్షన్ పెరిగింది, ఎందుకంటే ప్రతి వీడియోలోనూ పక్షులు ఎగురుతుంటాయి, కుక్కలు పరిగెడుతుంటాయి, సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నదాని మీదే మాట. చివరికి అవన్నీ పక్కన పెట్టి ఒక ఆదివారం కూర్చుని నా సొంత ఫోటోల వివరాలే చూశాను, రెండేళ్ళవి. నాకు నచ్చి పక్కన పెట్టుకున్నవాటిలో సగానికి పైగా ఐఎస్‌ఓ 3200 పైనే, షట్టర్ సెకనులో వందో వంతు దగ్గర, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, అంటే తక్కువ వెలుతురు సెట్టింగులే. అన్నీ కూర్చున్న మనుషులు, నిలబడ్డ మనుషులు, అప్పుడప్పుడూ నాట్యం. పక్షి ఒక్కటి లేదు. కొనే ముందు ఎవరైనా ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను. నాకు నెల రోజుల్లో తేలనిది ఆ మూడు గంటల్లో తేలింది: సైలెంట్ షట్టర్, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ బాడీలోనే, రెండు కార్డు స్లాట్లు. స్పీడు అక్కర్లేదు.

అప్పుడు జాబితా దానంతటదే చిన్నదైపోయింది.

కెనాన్ ఆర్‌పీ 2019లో వచ్చింది, తేలిక, సెకండ్ హ్యాండ్‌లో చవక. కానీ సైలెంట్ షట్టర్ అందులో సీన్ మోడ్‌లో మాత్రమే పని చేస్తుంది, మిగతా సెట్టింగులు మన చేతిలో ఉండవు. సభలో తీయాలనుకునేవాడికి అక్కడితో కథ అయిపోయింది. పైగా ఒకటే కార్డు, బాడీలో స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ లెక్క 250 ఫోటోలు. పానాసోనిక్ ఎస్5 వీడియోకి బ్రహ్మాండం, చీకట్లో ఫోకస్ వెతుక్కుంటుంది, వదిలేశాను.

సోనీ ఏ7 త్రీ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. 2018 నాటి కెమెరా అయినా ఫోకస్ విషయంలో నేను చివరికి కొన్న నికాన్ జెడ్ 5 కన్నా మెరుగు, బ్యాటరీ 700 దాకా లాగుతుంది, ట్యామ్రాన్ 28-75 లాంటి బయటి కంపెనీల మంచి లెన్సులు పాతవి బోలెడు దొరుకుతాయి. చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టేవాళ్ళు ఇదే కొనుక్కోవాలి. నేను చూసినప్పుడు జెడ్ 5 కన్నా పదిహేను, ఇరవై వేలు ఎక్కువ పలికింది, దాని మీద లెన్సులన్నీ కొత్తగా కొనాలి.

నికాన్ జెడ్ 6 ఒక్కోసారి జెడ్ 5 కన్నా తక్కువకే కనపడుతుంది, సెన్సర్ కూడా ఇంకొంచెం మంచిది. అయితే దాంట్లో ఉన్నది ఎక్స్‌క్యూడీ అనే వేరే రకం కార్డుకి ఒకే ఒక్క స్లాట్. బాడీ మీద మిగిలింది కార్డుకీ కార్డు రీడర్‌కీ పోతుంది. జెడ్ 5లో రెండు మామూలు ఎస్‌డీ స్లాట్లు, నా దగ్గరున్న కార్డులు అలాగే పడతాయి. డీ7200 బ్యాటరీలు కూడా దీనికి సరిపోతాయి, కొత్తవాటికన్నా తక్కువ సేపు వస్తాయి అంతే. 2020లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్ళు, సెకనుకి నాలుగున్నర ఫ్రేములే. ఆ నాలుగున్నర చూసి చాలామంది పక్కకి పోతారు, ధర తగ్గి ఉండటానికి అదీ ఒక కారణం.

ఇక ఆ 50 ఎంఎం సంగతి. అడాప్టర్ కోసం ఒక షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర కుర్రాడిది సూళ్ళూరుపేట, నా మాట వినగానే తెలుగులోకి వచ్చేశాడు. నా దగ్గరున్న 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్సు దీనికి పెట్టుకుంటానన్నాను. "అది తిప్పి చూపించండన్నా" అన్నాడు. తిప్పాను. వెనక లోహపు రింగు అంచున చిన్న గాడి ఉన్న మర లాంటిది ఉంటుంది, ఇన్నేళ్ళలో నేను దాన్ని పట్టించుకున్నదే లేదు. తర్వాత నా డీ7200 లెన్సు తీసి మౌంటు దగ్గర చూపించాడు, స్క్రూడ్రైవర్ మొనలా ఒక చిన్న పలక బయటికి పొడుచుకుని ఉంది. "కెమెరాలో మోటారు ఈ మొనని తిప్పితే లెన్సు ఫోకస్ అవుతుందన్నా. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఇది లేదు. చేత్తో తిప్పుకోవాల్సిందే." ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సుల్లో మోటారు లోపలే ఉంటుంది కాబట్టి అవి పని చేస్తాయట. నా 18-140 లెన్సు పని చేస్తుంది కానీ అది క్రాప్ సెన్సర్ కోసం చేసింది, దాంతో తీస్తే 24 మెగాపిక్సెళ్ళు 10కి పడిపోతాయి. అంటే నాకు లెన్సులు ఉన్నాయి, వాటికి ఖర్చు లేదు అని వేసుకున్న లెక్క మొత్తం ఆ కౌంటర్ మీదే చెరిగిపోయింది. ఆ రోజు ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను. బాడీకి పెట్టుకున్న డబ్బులోంచి పదిహేను వేలు కోసి లెన్సు పక్కకి పెట్టాను. కొత్త బాడీ ఆలోచన అక్కడితో పోయింది.

సెకండ్ హ్యాండ్ బాడీ వేలచ్చేరిలో ఒకరి ఇంట్లో చూశాను. క్యాప్ పెట్టి ఒక ఫోటో తీసి మెరిసే చుక్కలున్నాయేమో చూశాను, తర్వాత మేడ మీదికి వెళ్ళి ఎఫ్ 16లో ఆకాశాన్ని తీసి సెన్సర్ మీద దుమ్ము చూశాను. రెండు స్లాట్లలోనూ కార్డులు మార్చి మార్చి పెట్టాను. అమ్మే ఆయన తొమ్మిది వేల క్లిక్కులు అన్నారు, ఫోటో వివరాల్లో ముప్పై ఒక్క వేలు చూపించింది. అది పెద్ద సంఖ్యేమీ కాదు, సైలెంట్‌గా తీసినవి కూడా ఆ లెక్కలో కలుస్తాయి, కానీ చెప్పినదానికీ ఉన్నదానికీ తేడా ఉంటే ఊరుకోకూడదు. నాలుగు వేలు తగ్గించారు. 68 వేలకి తీసుకున్నాను, సీరియల్ నంబరుతో సహా బిల్లు చేతికి వచ్చాకే డబ్బు పంపాను.

చెన్నైలో పాత లెన్సు కొనేవాళ్ళు ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు: బూజు. సముద్రం పక్క ఊరు, ఏడాదిలో సగం రోజులు గోడలే చెమ్మగిల్లుతాయి. 85 ఎంఎం ఎఫ్ 1.8 జీ ఒకటి 15 వేలకే వస్తోందని పెరంబూరు దాకా వెళ్ళాను. పైకి కొత్తదానిలా ఉంది. ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి కొంచెం వాలుగా చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్లని గీతలు. ముదిరితే గాజు పైపూతనే తినేస్తుంది, దాన్ని తెచ్చి మన లెన్సుల మధ్య పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వద్దని చెప్పి వచ్చేశాను. తర్వాత దొరికిన శుభ్రమైనది 19 వేలు, పాత ఎఫ్‌టీజెడ్ 11 వేలు. మొత్తం 98. మిగిలిన దాంతో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కొన్నాను. తేమ 40కీ 50 శాతానికీ మధ్య ఉండేలా చూసుకుంటున్నాను.

మొదటి పెద్ద పరీక్ష మా మేనకోడలి కూచిపూడి రంగప్రవేశం. సైలెంట్‌లో మొదలుపెడితే స్టేజీ ఎల్‌ఈడీ లైట్లకి ఫోటో అంతా అడ్డచారలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లకి షట్టర్ 1/100కి తెస్తే చారలు చాలావరకు పోతాయి, ఆ స్టేజీ లైట్లకి మాత్రం పోలేదు. వేగంగా తిరిగే చెయ్యి కూడా వంగినట్టు పడుతోంది, ఎందుకంటే ఈ సెన్సర్ బొమ్మని పైనుంచి కిందికి నెమ్మదిగా చదువుతుంది. వెంటనే మెకానికల్ షట్టర్‌కి మారాను, నట్టువాంగం తాళాలు మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు, వేళ్ళకి పారాణి, ఒక గజ్జె తాడు కొంచెం వదులై వేలాడుతోంది. ఐఎస్‌ఓ 6400లో తీసిన ఆ ఫోటోలో తాడు పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. వెనక నుంచి లైటు కళ్ళలోకి కొట్టినప్పుడు ఫోకస్ తడబడింది, ఒక పదిహేను ఫోటోలు పోయాయి, అది జెడ్ 5తో ఉన్న ఇబ్బందే.

ఆ ఫోటోలు చూసి మా బావగారు తనకీ జెడ్ 5 చూడమన్నారు. ఆయన దగ్గర కెనాన్ ఈఎఫ్ లెన్సులు నాలుగున్నాయి, అందులో ఒకటి 70-200. వద్దు బావగారూ, అన్నాను. ఈఎఫ్ లెన్సులన్నిట్లో మోటారు లోపలే ఉంటుంది, కెనాన్ అడాప్టర్ పెడితే మిర్రర్‌లెస్ మీద హాయిగా ఫోకస్ అవుతాయి. ఇంకో నాలుగు నెలలు ఆగి పాత ఆర్6 చూసుకోమన్నాను, రెండు స్లాట్లు, స్టెబిలైజేషన్, చీకట్లో మంచి ఫోకస్. వచ్చే ఆదివారం ఆయన ఫోటోల వివరాలు ఇద్దరం కూర్చుని చూస్తున్నాం.

50 ఎంఎం డీ అమ్మలేదు. డీ7200తో పాటు మేనకోడలి తమ్ముడికి ఇచ్చాను, వాడి చేతిలో అది టకటకా ఫోకస్ అవుతోంది.