వైరు తెగిన టేపు

తిరుపతిలో మదనపల్లె బస్సెక్కాను. భాకరాపేట ఘాట్ దాటేదాకా కిటికీ నిండా అడవే. పీలేరు దాటాక టమాటా తోటలు, మామిడి చెట్లు, ఎటు చూసినా బోరు పైపులు. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలంటే నీళ్ల కోసం నేలను తొలుచుకుంటూ పోయిన ఊళ్లే.

నేను వెళ్లింది ఓ ప్రాజెక్టు ఆనవాళ్లు చూడ్డానికి. 1995లో నెదర్లాండ్స్ నిధులతో మొదలైన ఏపీవెల్, ఏడు కరువు జిల్లాల్లో చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. ఆ తర్వాత అదే దేశం డబ్బుతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చేతుల మీదుగా ఇంకోటి వచ్చింది. నేను చూడబోయింది దీన్నే. ఈసారి ఉన్న నీళ్లను రైతుల చేతే కొలిపించారు. వాన రోజూ, నీటిమట్టం పదిహేను రోజులకోసారి. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్లెన్ని, పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టేది. ఫలానా పంట వేయొద్దని శాసించే అధికారం ఊరి రైతుల కమిటీకి లేదు. నాకు నచ్చింది అదే.

ఊళ్లో ఆ కొలతలు రాసిన గోడ మీది బోర్డుకు గడులు మిగిలాయి, అంకెలు వెలిసిపోయాయి. అప్పట్లో కొలతలు తీసిన రైతు అటక మీంచి, బోరులో నీటిమట్టం కొలిచే టేపు చుట్ట దించాడు.

"నీళ్లు తగిల్తే కుయ్‌మనేది సార్. బ్యాటరీలు మేమే కొన్నాం. వైరు తెగినాక ఎవర్ని అడిగేది?"

"కమిటీ చందా వేసుకోలేదా అన్నా?"

నవ్వాడు. "బోరుకైతే అప్పు చేసైనా పెడతారు. టేపుకు ఎవరిస్తారు?"

ఆయన్ను తప్పు పట్టలేం. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, మోటారు ఎంతసేపు ఆడినా బిల్లు రాదు. పైగా బండి మీద వచ్చి రీడింగులు అడిగే సంస్థ మనిషి ప్రాజెక్టుతోపాటే వెళ్లిపోయాడు. నేను చూసిన నివేదికల్లో సుస్థిరత మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. వైరు ఎవరు కొంటారన్న వాక్యం మాత్రం ఎక్కడా కనబడలేదు.

వానమాపకం మాత్రం పని చేస్తూనే ఉంది. ఆయన భార్య పొద్దున్నే గాజు గొట్టంలోకి నీళ్లు వంచి, పిల్లల పాత నోటుబుక్కులో రాస్తుంది. చెనక్కాయలు వేసే రోజుల్లో "అక్కా, నిన్న ఎంత పడింది?" అని ఫోన్లు. పదును చాలుతుందో లేదో తెలియకుండా విత్తనం దించితే పోయేది వాళ్ల డబ్బే. "ఒక మిల్లీమీటరుకు ఎకరాకు నాలుగు వేల లీటర్లు సార్" అని ఆమె నోటి లెక్క చెప్పింది.

నేను బయల్దేరేటప్పటికి ఇద్దరూ కొత్త బోరు మీద వాదులాడుకుంటున్నారు. వెయ్యి అడుగులకు పోదామని ఆయన, పోయినేడు వేసిందే ఎండిపాయె కదా అని ఆమె.