గుహలోంచి చూసిన పెట్రా

ఉదయం ఆరు గంటలకు ద్వారం తెరవగానే నేను కొండరాళ్లలో చెక్కిన ప్రాచీన నగరం పెట్రాలో అడుగుపెట్టాను. నన్ను జోర్డాన్ దాకా రప్పించింది ఒక హాస్య యాత్రా ధారావాహిక. 2010లో బ్రిటన్‌లోని స్కై 1 చానెల్‌లో ప్రసారమైన 'యాన్ ఇడియట్ అబ్రాడ్'లో, ఇల్లు కదలడమే ఇష్టం లేని కార్ల్ పిల్కింగ్టన్‌ను మిత్రులు రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ పట్టుబట్టి ప్రపంచ వింతల మీదికి పంపుతారు. చైనా గోడ, తాజ్‌మహల్ తరువాత అతడి మూడవ మజిలీ పెట్రా. భవనంలో ఉండి ఎదురుగా ఉన్న గుహను చూడటం కంటే, గుహలో ఉండి భవనాన్ని చూడటమే మేలని అతడు అక్కడ అభిప్రాయపడతాడు. అందరూ నవ్వుకున్న ఆ ఆలోచన నాకు మాత్రం నిజమనిపించింది.

ద్వారం దాటాక సిక్ అనే ఇరుకు కనుమ దాదాపు 1.2 కిలోమీటర్లు సాగుతుంది. దాని గోడల వెంట, ఈ నగరాన్ని నిర్మించిన ప్రాచీన అరబ్బు జాతి నబతీయులు తొలిచిన నీటి కాలువలు నేటికీ కనిపిస్తాయి. ఎడారిలో ఒక నగరాన్ని నిలబెట్టిన ఆ నీటి నేర్పును చూడటానికే నేను చాలాచోట్ల ఆగిపోయాను. నీరు ఇక్కడ ప్రాణం తీయడమూ ఎరుగును: 1963లో ఈ కనుమలోకి దూసుకొచ్చిన ఆకస్మిక వరదకు ఇరవై మందికి పైగా ఫ్రెంచ్ యాత్రికులు బలయ్యారు.

కనుమ ముగిసేచోట, రెండు రాతిగోడల సందులోంచి, సుమారు 40 మీటర్ల ఎత్తున కొండలోనే చెక్కిన 'ఖజ్నా' (ఖజానా) అనే కట్టడం కనిపించింది. దాని శిఖరాన ఉన్న రాతి కలశంలో నిధి ఉందని నమ్మి ఎడారి సంచార జాతి బెదూయిన్లు పేల్చిన తూటాల గుర్తులు అలాగే ఉన్నాయి. అంత వైభవమైన ముఖద్వారం వెనుక ఉన్నవి బోసి గదులే. వాటిలోకి సందర్శకులను అనుమతించరు.

స్థానిక గైడుతో కలిసి ఎదురుగా ఉన్న కొండ ఎక్కి, ఒక రాతి గుహ నీడలో కూర్చున్నాను. ఎండ మెల్లగా దిగి స్తంభాలను తాకుతున్నకొద్దీ బూడిద రంగు రాయి గులాబీ రంగుకు మారింది. పిల్కింగ్టన్ చెప్పింది ముమ్మాటికీ సరైనదే. ఆ మార్పు ఖజ్నా లోపల ఉన్నవారికి ఎన్నటికీ కనిపించదు. అతడిలో నాకు నచ్చేది ఇదే. మెచ్చుకోవాలన్న తొందర లేనివాడు కనుక, తన కంటికి కనబడినదే చెబుతాడు.

ఆ సంగతి గైడుకు వివరించాను. ఆయన బ్దూల్ అనే బెదూయిన్ తెగవారు. ఆ తెగవారు తరతరాలుగా ఈ గుహల్లోనే కాపురముండి, 1980లలో సమీపాన కట్టిన ఉమ్ సైహూన్ గ్రామానికి తరలిపోయారు. తన తండ్రి పుట్టింది గుహలోనే అని ఆయన చెప్పారు. "మీ గుహలోంచి ఏమి కనిపించేదండీ?" అని అడిగాను. ఖజ్నా కనిపించేది కాదట. మేకలు మేసే వాలు, వాటి వెనుక ఇంటికి వచ్చే తల్లి కనిపించేవారట.