పుల్‌మన్ పేరు మీద గీత

పదకొండు దాటింది. మావారు పడుకున్నారు, చిన్నది ఎప్పుడో పడుకుంది. నాకే కంటి మీద కునుకు లేదు.

పెద్దాడి కాలేజీల లిస్టు ఫ్రిజ్ మీద ఉంటుందని మీకు తెలుసుగా. సాయంత్రం పాలు తీస్తూ చూస్తే నాలుగో పేరు మీద అడ్డంగా గీత. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ, పుల్‌మన్. ఎందుకురా కొట్టేశావ్ అంటే, ఫోన్‌లోంచి తలెత్తకుండా "వాళ్ళిప్పుడు పెద్ద కాన్ఫరెన్స్‌లో లేరు కదమ్మా" అన్నాడు. అంతే. కాన్ఫరెన్స్ అంటే ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్ల కూటమి. వాడు బంతి పట్టిన మొహం కాదు. చదవాలనుకుంటున్నది మొక్కల శాస్త్రం. మన ఇంట్లో బుట్టలో ఉన్న కాస్మిక్ క్రిస్ప్ ఆపిల్ ఆ యూనివర్సిటీ వాళ్ళే పుట్టించారు. 1997లో వెనాచీలో రెండు రకాల్ని కలిపి మొదలుపెడితే, 2019 డిసెంబర్‌కి గానీ కొట్లోకి రాలేదు. ఇరవై రెండేళ్ళు ఒక పండు కోసం ఓపిక పట్టిన చోటిది. ఆ పేరు ఫుట్‌బాల్ పట్టికలో ఎక్కడుందో చూసి మావాడు కొట్టేశాడు.

వాణ్ణి ఏమీ అనలేదు. కానీ ఆ గీత అప్పట్నుంచీ కళ్ళముందే ఉంది.

2023 ఆగస్టు 4, శుక్రవారం. ఆ రోజు గంటగంటకీ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ గుర్తే. 1915లో మొదలైన పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్, మధ్యలో ఒకసారి కూలి మళ్ళీ లేచి, పేర్లు మార్చుకుంటూ ప్యాక్-12 దాకా వచ్చినది, ఒక్క పగట్లో కూలిపోయింది. అంతకు ముందు ఏడాది జూన్ 30నే లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్ళిపోతున్నట్టు ప్రకటించాయి. ఆ ఊరి టీవీ మార్కెట్ మొత్తం వాటితోనే పోయింది. జూలై చివర్లో కొలరాడో బిగ్ ట్వెల్వ్‌కి తిరిగెళ్ళింది. మిగిలిన తొమ్మిదింటి ముందు ఐఫోన్ల ఆపిల్ కంపెనీ ఇస్తానన్న ప్రసార ఒప్పందం ఒకటే ఉంది. కాలేజీకి ఏటా 2 కోట్ల డాలర్ల పైచిలుకు, చందాదార్లు పెరిగితే ఇంకాస్త. ఆ శుక్రవారం పొద్దున తొమ్మిది మంది అధ్యక్షులూ కూర్చుని సంతకాలు పెడతారనుకున్నారు. పెట్టలేదు. యూనివర్సిటీ ఆఫ్ ఒరెగన్, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ రెండూ బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. సాయంత్రానికి అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ ట్వెల్వ్‌లో తేలాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ వెళ్ళి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డునున్న కాలేజీలు, చేరింది అట్లాంటిక్ పేరున్న దాంట్లో. పన్నెండులో పది పోయాయి. పుల్‌మన్, ఒరెగన్ స్టేట్ ఉన్న కొర్వాలిస్ మిగిలాయి. పంక్తిలో అందరూ లేచి పక్క పందిట్లోకి వెళ్ళిపోతే విస్తరి ముందు ఇద్దరే కూర్చుండిపోయినట్టు.

ఇంత తేలిగ్గా ఎలా వెళ్ళగలిగారని మావారు అప్పుడడిగారు. కిటుకంతా గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనే కాగితంలో ఉంది. కాన్ఫరెన్స్ అంటే కలిసి ఆడుకునే జట్ల గుంపని మనం అనుకుంటాం. నిజానికది టీవీ హక్కుల్ని మూటగట్టి అమ్మే సంఘం. ప్రతి కాలేజీ తన సొంత మైదానంలో జరిగే ఆటల ప్రసార హక్కుల్ని ఇన్నేళ్ళకని కాన్ఫరెన్స్‌కి రాసిస్తుంది. మధ్యలో వదిలి వెళ్తే జట్టు వెళ్తుంది గానీ హక్కులు వెళ్ళవు. హక్కులు లేని జట్టుని కొత్త కాన్ఫరెన్స్ తీసుకుని ఏం చేసుకుంటుంది? అందుకే గడువు ఉన్నంతకాలం ఎవరూ కదలరు. ప్యాక్-12 కాగితం గడువు టీవీ కాంట్రాక్టుతో పాటే 2024 వేసవిలో తీరిపోతోంది. కొత్త కాంట్రాక్టు ఉంటే గానీ కొత్త సంతకాలు పడవు, సంతకాలు పడితే గానీ కాంట్రాక్టు నిలవదు. ఆ సందులోంచే పది మందీ పరిహారం కట్టక్కర్లేకుండా బయటపడ్డారు.

నా కోపం మొదట్నుంచీ సియాటిల్ వాళ్ళ మీద. మనం ఉన్నది వాళ్ళ పెరట్లోనే, అయినా సరే. 1900 నుంచి పుల్‌మన్‌తో ఆడుతున్నారు. 1960ల నుంచి దానికి ఆపిల్ కప్ అని పేరు. రెండూ ఒకే రాష్ట్ర ప్రభుత్వం కింది యూనివర్సిటీలు. పైగా బిగ్ టెన్‌లో పూర్తి వాటా కూడా దొరకలేదు. అక్కడి పాతకాపులకి 6 కోట్లు దాటుతుంటే వీళ్ళు 3 కోట్లతో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. సగం వాటా కోసం తోబుట్టువుని వదిలేశారని రెండేళ్ళు మండిపడ్డాను.

ఇవాళ టైప్ చేస్తుంటే ఆ కోపం మునుపటిలా నిలవడం లేదు. వాళ్ళ స్టేడియం 2013లో 28 కోట్ల డాలర్లు పెట్టి తిరగ్గట్టారు. అప్పు వాయిదాలు ఏటా కట్టాలి. ఆపిల్ సొమ్ము ఖాయంగా వచ్చేది తక్కువ, మిగతాది ఎంతమంది చందా కడతారన్న దాని మీద. బిగ్ టెన్ 3 కోట్లు రాసిచ్చిన సొమ్ము. అప్పున్న ఇంటి పెద్ద ఏది ఎంచుకుంటాడు? నేనైనా అదే చేసేదాన్నేమో. తప్పు ఎక్కడ జరిగిందంటే అంతకు పదకొండేళ్ళ ముందు. 2012లో ప్యాక్-12 సొంత టీవీ ఛానెళ్ళు పెట్టుకుంది, దేశం మొత్తానికి ఒకటి, ప్రాంతాలకి ఆరు. పెద్ద ప్రసార సంస్థని భాగస్వామిగా పెట్టుకోలేదు, లాభం మొత్తం మనకే అనుకున్నారు. డైరెక్‌టీవీ ఆ ఛానెల్‌ని ఒక్కనాడూ తీసుకోలేదు. బిగ్ టెన్ ఫాక్స్‌ని భాగస్వామిగా తీసుకుని ఇళ్ళన్నిటికీ చేరింది. ఇటు ఆటలు రాత్రి 7:30కి మొదలైతే తూర్పున 10:30, అక్కడ చూసే నాథుడుండడు. చూసేవాళ్ళు తగ్గారు, ధర తగ్గింది. 2022 అక్టోబర్‌లో బిగ్ ట్వెల్వ్ ముందుగా వెళ్ళి ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్ళకి 228 కోట్లకి ఒప్పందం చేసేసుకుంది. తర్వాత వీళ్ళు వెళ్ళేసరికి కొనేవాళ్ళ సంచీలు ఖాళీ.

అందుకని సియాటిల్‌ని పూర్తిగా క్షమించానని కాదు.

మిగిలిన ఇద్దరూ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. కోర్టుకెళ్ళారు. ఆ వాదన అందరికీ తెలియాలని నాకుంటుంది. కాన్ఫరెన్స్ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. 2024 ఆగస్టు 1 లోపు వైదొలుగుతున్నట్టు నోటీసు ఇచ్చిన కాలేజీకి బోర్డులో ఓటు ఉండదు. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, కొలరాడో వెళ్తున్నామనగానే మిగతావాళ్ళు ఆ నిబంధన ప్రకారమే వాళ్ళని బోర్డు నుంచి పక్కన పెట్టారు. మరి అదే నిబంధన మిగతా ఏడింటికీ వర్తించదా? పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టు 2023 నవంబర్ 14న వర్తిస్తుందని చెప్పింది. డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ వెంటనే రాజీ. వెళ్ళేవాళ్ళ ఆఖరి ఏడాది వాటాల్లో కొంత కోత, కాన్ఫరెన్స్ పేరూ ఆస్తులూ ఈ ఇద్దరికీ. ఆస్తులంటే భవనాలు కాదు. మార్చి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో జట్టు ఆడిన ఆటల్ని బట్టి కాన్ఫరెన్స్ ఖాతాలో యూనిట్లు పడతాయి, ఒక్కోటి ఆరేళ్ళలో సుమారు 20 లక్షల డాలర్లు తెస్తుంది. వెళ్ళిపోయినవాళ్ళు గెల్చిన యూనిట్లు కూడా ఇక్కడే ఉండిపోయాయి. వేరుపడ్డప్పుడు పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళకే కాయలు వస్తాయి, అలాగ.

కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం కాన్ఫరెన్స్‌లో ఎనిమిది కాలేజీలుండాలి. తగ్గితే రెండేళ్ళ గడువు. ఆ గడువులో కొత్త ఇల్లు కట్టుకోవాలి. మొదటి ఏడాది మౌంటెన్ వెస్ట్ అనే పక్క కాన్ఫరెన్స్‌కి 1.4 కోట్లు కట్టి తలా ఆరు ఆటలు కొనుక్కున్నారు. ఆ ఒప్పందంలో ముల్లు ఉంది. మా కాలేజీల్ని లాక్కుంటే మొదటిదానికి కోటి డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 5 లక్షలు పెంచుకుంటూ పరిహారం. 2024 సెప్టెంబర్‌లో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, తర్వాత యూటా స్టేట్ అక్కణ్ణుంచి ఇటొచ్చాయి. అయిదింటికీ కలిపితే 5.5 కోట్లు. అది చెల్లదంటూ మళ్ళీ కోర్టుకెళ్ళారు. ఫుట్‌బాల్ లేని గొంజాగా వచ్చింది. ఎనిమిదో ఫుట్‌బాల్ జట్టుగా 2025 జూన్ చివర్లో టెక్సస్ స్టేట్ వచ్చింది. 2026 జూలై 1న కొత్త ప్యాక్-12 మొదలు. సీబీఎస్ 2031 దాకా చూపిస్తుంది.

ఈలోపు 2025 ఆటల పట్టిక చూస్తే జాలేస్తుంది. మౌంటెన్ వెస్ట్‌తో ఒప్పందం పొడిగించుకోలేక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళారు. మిసిసిపీ, వర్జీనియా, టెక్సస్. వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్ ఒకే సీజన్‌లో ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడేలా పట్టిక వేసుకోవాల్సొచ్చింది. ఓల్ మిస్ అనే మిసిసిపీ యూనివర్సిటీ సొంత మైదానంలో పుల్‌మన్ జట్టు ఓడినా 24-21 దాకా వెళ్ళిందంటే పిల్లలు ఎంత కష్టపడ్డారో. ఒరెగన్ స్టేట్ బేస్‌బాల్ జట్టుకి 2025 వసంతంలో కాన్ఫరెన్స్ లేదు, కాన్ఫరెన్స్ గెలిస్తే వచ్చే టోర్నమెంట్ చోటూ లేదు. అయినా జాతీయ టోర్నమెంట్ ఆఖరి దశ జరిగే ఒమాహా దాకా వెళ్ళొచ్చారు. ఆ రోజు నేను ఒంటరిగా చప్పట్లు కొట్టాను. ఆ సంతోషం గురించి ఇంతకంటే రాయడం రావట్లేదు.

గుచ్చుతున్నది వేరే. 2025 జూన్‌లో పుల్‌మన్‌లో ట్రాక్ జట్టుని కుదించారు. దూకేవాళ్ళు, విసిరేవాళ్ళు ఇక లేరు. దూరం పరిగెత్తేవాళ్ళే ప్రధానం. ఎందుకు పూర్తిగా తీసెయ్యలేదంటే, కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద విభాగంలో ఉండాలంటే కనీసం 16 ఆటలు నడపాలి. క్రాస్ కంట్రీ, ఇండోర్ ట్రాక్, ఔట్‌డోర్ ట్రాక్ మూడూ లెక్కకి వేర్వేరు ఆటలు. దూరం పరిగెత్తే పిల్లలు ఆ మూడింట్లోనూ పరిగెత్తుతారు. షాట్‌పుట్ పిల్లకి క్రాస్ కంట్రీలో చోటు లేదు. లెక్క సరిపోయింది, ఆ పిల్ల పోయింది. పోయిన టీవీ సొమ్ముకి తోడు, 2025 నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చన్న కొత్త ఏర్పాటొచ్చింది, మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా. ఉన్నవాళ్ళు ఇస్తారు. లేనివాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుని నడిపించే ఆటగాడు, సీజన్ అవగానే వెళ్ళిపోతాడు. పుల్‌మన్‌లో ఆడిన కామ్ వార్డ్ మయామీకి వెళ్ళి, 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు. తర్వాతివాడు మటీర్ ఒక్లహోమాకి. కోచ్ వేక్ ఫారెస్ట్‌కి. ఏడాది తిరక్కుండా అందరూ.

మరి యూనివర్సిటీ భవిష్యత్తో? ఆ మాట దగ్గరికొస్తే నేను పుల్‌మన్ వైపు చూడను, 13 కిలోమీటర్ల అవతల, పక్క రాష్ట్రం ఐడహోలో ఉన్న మాస్కో అనే ఊరి వైపు చూస్తాను. ఐడహో యూనివర్సిటీ. ఆ పాత పసిఫిక్ కాన్ఫరెన్స్‌లో 1922 నుంచి సభ్యురాలు. 1959లో ఆటగాళ్ళకి చాటుగా ఇచ్చిన డబ్బుల గొడవలతో అది కూలినప్పుడు పెద్దవాళ్ళు కొత్త సంఘం కట్టుకున్నారు. మూడేళ్ళకి వాషింగ్టన్ స్టేట్‌ని పిలిచారు, 1964లో ఒరెగన్‌నీ ఒరెగన్ స్టేట్‌నీ. ఐడహోని పిలవలేదు. తర్వాత బిగ్ స్కై అనే చిన్న కాన్ఫరెన్స్, 1996లో మళ్ళీ పెద్ద విభాగం. అక్కడ సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ ఇక అక్కర్లేదనేసరికి, 2018లో కింది విభాగానికి తనంతట తాను దిగింది. పెద్ద విభాగం నుంచి అలా దిగిన మొదటి కాలేజీ అదే. అవమానమని అప్పుడు గోల చేసినవాళ్ళు చాలామంది.

ఇప్పుడు చూడండి. 2023లోనూ 2024లోనూ ఆ విభాగంలో క్వార్టర్ ఫైనల్ ఆడింది. దాని సొంత మైదానం కిబీ డోమ్‌లో పట్టేది 16 వేల మందే. 2025 ఆగస్టులో పుల్‌మన్‌కి వచ్చి 13-10 దాకా తెచ్చింది, ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి గానీ వాషింగ్టన్ స్టేట్ బయటపడలేదు. పాఠాలు ఆగలేదు, పొలాలు ఆగలేదు. మొదలుపెట్టినప్పుడు ఐడహో పేరు భయం చెప్పడానికి రాద్దామనుకున్నా. ఇప్పుడు రాస్తుంటే అది భయమో ధైర్యమో తేల్చుకోలేకపోతున్నా. పుల్‌మన్ 33 వేల జనాభా ఊరు, స్టేడియంలోనూ అంతేమంది పడతారు. ఏడాదికి ఆరేడు శనివారాల్లో హోటళ్ళూ తినే చోట్లూ సంపాదించుకునేది మిగతా నెలల్ని లాగుతుంది. ఆ శనివారాలు పల్చబడితే నష్టం అధ్యక్షుడి కుర్చీకి కాదు, గదులు ఊడ్చే మనిషికి. ఆ లెక్క మాస్కోతో సరిపోల్చి సర్దుకునేది కాదు.

ఈ రెండూళ్ళ మధ్య పాత ఆచారం ఒకటుండేది. ఓడినవాళ్ళ విద్యార్థులు గెలిచినవాళ్ళ ఊరిదాకా నడిచి వెళ్ళాలి. 1954లో ఐడహో దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత గెలిస్తే పుల్‌మన్ పిల్లలు వందల్లో కాదు, వేలల్లో నడిచారు. ఇప్పుడక్కడ పాత రైలు పట్టాల మీదుగా నడిచే దారి వేశారు, పదకొండు కిలోమీటర్లు ఉంటుంది. ఒక పక్క వాగు, రెండు పక్కలా గోధుమ చేల గుట్టలు.

పెద్దాడికి వచ్చే వారం సెలవు. లిస్టు గురించి ఏమీ అనను. చలి ముదరకముందే వాణ్ణి తీసుకెళ్ళి ఆ దారిన ఒక కొసనుంచి ఇంకో కొసకి నడిపించాలి. బూట్లు ఎక్కడున్నాయో వెతకాలి.