రామకోటి పుస్తకం, పక్కన కథల నోట్‌బుక్

మా విశాఖలో కథలు రాసేవాళ్ళకి భక్తి ఉంటే దాన్ని కాస్త కొంగుచాటున పెట్టుకోవాలి. 1910లో శ్రీశ్రీ పుట్టిన ఊరు ఇది. రావిశాస్త్రి గారు ప్లీడరీ చేస్తూ, కోర్టు వరండాల్లో కనబడ్డ బీదాబిక్కీ గొంతులన్నీ కథల్లోకి తెచ్చిన ఊరు. ఇక్కడి సాహిత్య సభల్లో ఆకలి గురించి మాట్లాడొచ్చు, పోర్టు దుమ్ము గురించి మాట్లాడొచ్చు. సింహాచలం కొండ మీది దేవుడు, మా సింహాద్రి అప్పన్న మాటెత్తితే మాత్రం పక్క కుర్చీలో వాళ్ళకి టీ గుర్తొస్తుంది. ఆమధ్య గిరిప్రదక్షిణ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, నేను బాగా గౌరవించే ఒక పెద్దాయన, మంచి కథకుడు, "ఏమ్మా, కథలు అయిపోయి మొక్కులు మొదలెట్టావా?" అని మెసేజ్ పెట్టారు. పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టారు గనక కోపం రాలేదు. జవాబు మాత్రం చెప్పాలనిపించింది. ఫోన్లో టైపు చేయబోతే ఎంతకీ తెమలలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను డాబాగార్డెన్స్ సందులో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, రోజంతా వేళ్ళ కింద ఇతరుల మాటలు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, పన్నెండు పేజీల సావనీరులు. "చి.ల.సౌ." ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. పెద్దకర్మ కార్డు ప్రూఫు చూడటానికి వచ్చిన మనుషులు తప్పులు వెతకరు, ఫొటో వైపే చూస్తూ "బాగుందమ్మా" అనేస్తారు. అందుకని ఆ ప్రూఫులు నేనే రెండోసారి చదువుతాను. సాయంత్రానికి నాకు తెలుగు అక్షరం చూస్తేనే విసుగు. అలాంటి చేతుల్తో ఇంటికొచ్చి కథ రాయమంటే ఎలా వస్తుంది? చాన్నాళ్ళు రాలేదు కూడా.

దారి చూపించింది మా అత్తగారి రామకోటి పుస్తకం. ఆవిడ పోయాక బీరువా సర్దుతుంటే చీరల కింద దొరికింది. అచ్చుగళ్ళు ఉన్న లావుపాటి పుస్తకం, సగానికి పైగా నిండింది. మొదట్లో అక్షరాలు నిటారుగా, గడి మధ్యలో బుద్ధిగా కూర్చున్నాయి. పోనుపోను "శ్రీ" గుడి పక్కకి ఒరిగిపోయింది, "మ" తోక కింద గడిలోకి జారింది. చివరి పేజీల్లో కొన్ని గళ్ళలో "శ్రీరా" వరకే ఉంది. ఆవిడ చేతికి వణుకు ఎప్పుడు మొదలైందో డాక్టరు రాసిన చీటీల కన్నా ఆ పుస్తకమే తేటగా చెప్తుంది. ముందు ఆ సగం వదిలేసిన గళ్ళు పూర్తి చేద్దామని కూర్చున్నాను. ఒక్కొక్క "మ". అవి అయ్యాక కింద గడి ఖాళీగా కనబడింది. అలా అలవాటైపోయింది.

ఇప్పుడు రాత్రి గిన్నెలు తోమేశాక, భోజనాల బల్ల మీదే ఒక పేజీ రాస్తాను. మొదటి రెండు మూడు వరసలు రాస్తున్నంతసేపూ బుర్రలో గ్యాస్ బుకింగ్, పాప ఫీజు, రేపటి కూర. చెయ్యి రాముడి పేరు రాస్తుంటే మనసు రైతుబజారులో తిరుగుతుంది. దాన్ని లాక్కురావాలని చూడను. సగం పేజీ అయ్యేసరికి ఆ గోల దానంతటదే సద్దుమణుగుతుంది, అప్పుడు మనుషుల మాటలు వినబడటం మొదలవుతాయి. దివ్యవాణి ఏమీ కాదు. పొద్దున కౌంటరు దగ్గర కార్డు బేరమాడిన తండ్రి "ఆఖరిపిల్లమ్మా, ఇంక ఈ కార్డుల పని నాకుండదు" అన్న మాట. అన్నప్పుడు నేను రేటు లెక్క చూసుకుంటున్నాను, చెవిలో పడింది గాని లోపలికి వెళ్ళలేదు. రాత్రి పూట అది వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

అక్కడే ఒక చిక్కుంది. నామం రాస్తూ మధ్యలో ఆపకూడదంటారు. మా పిన్నత్తగారు ఈ విషయంలో బాగా పట్టింపు మనిషి. "నడిమధ్యలో కలం తీస్తే ఫలం ఉండదే" అంటుంది. మొదట్లో ఆవిడ మాటకి భయపడి పేజీ అయ్యేదాకా ఆ వాక్యాన్ని మనసులో పట్టుకుని కూర్చునేదాన్ని. పేజీ అయ్యేసరికి రాముడూ సరిగ్గా రాలేదు, వాక్యమూ పోయింది. తర్వాత పుస్తకం అంచులోనే పెన్సిల్‌తో గీకేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు పక్కనే వేరే నోట్‌బుక్ ఉంచుకుంటున్నాను. ఫలం సంగతి పిన్నత్తగారూ రాముడూ చూసుకుంటారు.

నిశ్శబ్దంగా కూర్చునే ధ్యానం మాత్రం నాకు పడలేదు. మా అమ్మాయి ఫోన్లో ఏదో యాప్ పెట్టి ఊపిరి లెక్కపెట్టమంది, నిద్రపోయాను. తొట్లకొండ తీసుకెళ్ళింది. చాలా అందమైన చోటు. నేవీ వాళ్ళ సర్వేలో 1976లో ఆ శిథిలాలు బయటపడ్డాయి. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్ల వల్లే ఆ పేరు. బౌద్ధ భిక్షువులుండే గదుల పునాదులు వరసగా ఉంటాయి, కింద సముద్రం. ఒక్కో గదీ ఒక మనిషి నడుం వాల్చేంత. అక్కడ కూర్చుంటే హాయిగానే ఉంది, కథ మాత్రం ఒక్కటీ రాలేదు. నాకు మనుషుల సందడి కావాలి. నోరు మూసుకుని సందడి మధ్యలో ఉండటం, అదే నాకు చాతనైన ధ్యానం.

అందుకే గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ కింద తొలిపావంచా దగ్గర, అంటే కొండ మెట్లలో మొదటి మెట్టు దగ్గర, కొబ్బరికాయ కొట్టి బయల్దేరాలి. సింహగిరి చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, మళ్ళీ సింహాచలం. లక్షల జనం. దారిపొడవునా పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు, మోకాళ్ళకి స్ప్రే కొట్టే కుర్రాళ్ళు. వాన పడితే ఇంకా మంచిది, తారు చల్లబడుతుంది. అప్పూఘర్ దాకా అందరూ గోవిందనామాలు చెప్తారు. ఆ తర్వాత గొంతులు పోతాయి, అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు మామూలు మాటలు మొదలవుతాయి. నేను నడిచేది ఆ మాటల కోసమే అంటే అప్పన్న ఏమనుకుంటాడో తెలీదు. అందరి మొక్కులూ వినడం అలవాటైన దేవుడు, అర్థం చేసుకుంటాడనే ధైర్యం.

వెంకోజీపాలెం దాటాక నా ముందు ఒక జంట నడుస్తున్నారు. శ్రీకాకుళం వైపు యాస. ఆయన కుంటుతున్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది: "కాళ్ళు నొప్పెడితే నొప్పెట్టనీ గాని, నాతో సెప్పకు. నువ్వు సెప్తే నాకూ నొప్పెడతాయి." ఆయన ఏమీ అనలేదు. ఎవరో ఇచ్చిన మజ్జిగ ప్యాకెట్ మూల పంటితో కొరికి, ఆ ముక్క రోడ్డు మీద ఉమ్మేసి, ప్యాకెట్ ముందుకి చాపాడు. ఆవిడ చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి అందుకుంది, సగం తాగి అలాగే వెనక్కి ఇచ్చింది. నేను వాళ్ళని దాటకుండా చాలా దూరం వెనకే నడిచాను. మురళీనగర్ దగ్గర మా వీధి మలుపు వచ్చింది. ఇంట్లో మంచం ఉంది, ఫ్యాన్ ఉంది. ఏటా అక్కడ ఒక్క నిమిషం ప్రాణం లాగుతుంది. ఆ ఏడు లాగలేదు.

వాళ్ళిద్దరి మీద నేను రాసిన కథలో కొండ లేదు, దేవుడు లేడు. భూమి తగాదాలో వాయిదాకి నడిచి వెళ్తున్న మొగుడూ పెళ్ళాం, అంతే. అది అచ్చయినప్పుడు మొదట ఫోన్ చేసి మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? మొక్కులు మొదలెట్టావా అని అడిగిన పెద్దాయనే. "కోర్టు వరండా వాసన వచ్చిందమ్మా" అన్నారు. గోపాలపట్నం రోడ్డు వాసన అని నేను చెప్పలేదు. ఈ పోస్టు చదివితే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా ఆయనకి చెప్పాలి. తెలుగులో తొలినాటి వచన రచన ఏదంటే సాహిత్య చరిత్రకారులు చూపించేవాటిలో సింహగిరి వచనాలు ముందుంటాయి. రాసినవాడు కృష్ణమాచార్యుడు, కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం వాడంటారు. అందరూ పద్యాలు కడుతున్న రోజుల్లో ఒక భక్తుడు ఈ అప్పన్నతో వచనంలో మాట్లాడాడు. ఛందస్సు లేకుండా, మనిషితో మాట్లాడినట్టు. ఇవాళ మనం రాస్తున్న వచనం వేళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయని వెతుక్కుంటూ పోతే, ఒకటి మా కొండ మీద కూడా తగులుతుంది. కాబట్టి విశాఖ కథకులు కొండని చూసి మరీ అంత మొహం తిప్పుకోనక్కర్లేదు.

అలాగని దేవుణ్ణి కథలు అడగను. మా పక్కింటి వదిన గారు, నాకు ఏడాదిగా ఏమీ అచ్చుకాలేదని తెలిసి, సరస్వతీ హోమం చేయించమన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు ఆ బేరం నచ్చదు. ఇన్ని పేజీలు రాశాను గనక ఒక కథ ఇవ్వు అంటే అది ప్రెస్సు కౌంటరు బేరమే అవుతుంది. ఈ కొండ మీద పద్ధతి వేరు. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం. ఆ రాత్రే మళ్ళీ చందనం, ఆపైన మూడు పౌర్ణములకి విడతలుగా ఇంకా చందనం. అదంతా మనుషులు రోజుల తరబడి సాన మీద అరగదీసిందే. కనబడేలా చేసుకోవడానికి కాదు, మళ్ళీ కప్పడానికి! కథ రాని నెలల్లో దీని గురించి ఆలోచిస్తుంటాను. తెగదు.

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి కూడా వెళ్తాను గాని, అది కథల కోసం కాదు, మా అమ్మ కోసం. గర్భగుడికి కప్పు లేని ఆ అమ్మవారికి మన చేత్తో మనమే పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. అమ్మకి అదే నచ్చేది. నాకు అక్కడ ఒక్క వాక్యం కూడా రాదు, రావాలని కూడా లేదు.

ఇక అత్తగారి పుస్తకం. ఇంకో పాతిక పేజీలు ఉన్నాయేమో. నిండగానే భద్రాచలం తీసుకెళ్ళి సమర్పించాలని మా ఆయన పట్టుదల, వాళ్ళమ్మ కోరిక అది. నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే సమస్య, ఆ అంచుల్లో పెన్సిల్ గీతలు. "ఆఖరిపిల్లమ్మా" ఉంది, ఒక పెద్దకర్మ కార్డు మీద పేరు తప్పు పడితే "ఉండనీ, ఆయన బతికుండగా కూడా అలాగే రాసేవారు" అన్న భార్య మాట ఉంది, ఇంకా నాకే అర్థంకాని అరముక్కలు చాలా ఉన్నాయి. "అలాగే ఇచ్చెయ్, రాముడు ఖాళీ ఉన్నప్పుడు చదువుకుంటాడు" అంటాడు మా ఆయన. రాముడి సంగతేమో గాని, నాకు వాటితో ఇంకా పని ఉంది. ఆదివారం ప్రెస్సుకి సెలవు, కూర్చుని అవన్నీ నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకుని, తర్వాత రబ్బరు పెట్టి తుడవాలి. అత్తగారి "శ్రీ" చెరక్కుండా తుడవాలి.