ఇంచికి ఇరవై అయిదు రోజులు

నిరుడు వరలక్ష్మీవ్రతం మూడు రోజులుందనగా, కోయాల్సిన జాకెట్లు పద్దెనిమిది టేబుల్ మీద ఉండగా, పంచలో నీళ్లు చూసుకోకుండా జారి పడ్డాను. కుడి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది.

ఎముకకి ఏడవలేదు. మర్నాడు కట్టులోంచి బయటికొచ్చిన అరచెయ్యి చూసి ఏడ్చాను. దండెం మీద వేసిన తడిగుడ్డలా మణికట్టు దగ్గర మడతపడి వేలాడుతోంది. "బొటనవేలు పైకెత్తమ్మా" అన్నారు డాక్టరుగారు. ఎత్తాననే అనుకున్నాను. అది కదల్లేదు.

రేడియల్ నరమట. భుజం ఎముక వెనకనుంచి చుట్టుకుంటూ, ఎముకకి ఆనుకునే కిందికి దిగుతుందట. ఎముక అక్కడ విరిగితే నరమూ నలుగుతుంది. మణికట్టునీ వేళ్లనీ పైకి లేపే కండరాలన్నిటికీ అదే దిక్కు.

వీధిలో మాత్రం నాకు పక్షవాతం వచ్చిందన్నారు. ఒకావిడ పావురం రక్తం రాయమంది, మా అత్తగారు పుత్తూరు కట్టు అన్నారు. చెయ్యి పడిపోయిందంటే మనవాళ్లకి తెలిసిన జబ్బు ఒకటే కదా, వాళ్లననడానికి లేదు.

నాకు అంతుపట్టనిది వేరే ఉంది. వేళ్లు ముడిచే నరాలు వేరు, వాటికేమీ కాలేదన్నారు. మరి స్టీలు గ్లాసు ఎందుకు జారిపోతోంది? మీరే చేసి చూడండి: మణికట్టు పూర్తిగా కిందికి వంచి పిడికిలి బిగించండి. బిగుసుకోదు. మణికట్టు పైకి నిలబడితేనే పట్టుకి బలం. అందుకే దాన్ని ఎత్తి ఉంచే స్ప్లింటు ఇచ్చారు. అది కట్టుకున్న పూటే గ్లాసు నిలిచింది.

కత్తెర నిలవలేదు. మూయగలను, తెరవలేను. ఒక్కో కోతకీ ఎడంచేత్తో దాని పిడి విడదీయాలి. ఇరవై రెండేళ్లుగా కత్తెర పడుతున్నాను, తెరవడం కూడా ఒక పనేనని ఎప్పుడూ తోచలేదు. కార్తీకంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికెళ్లి భోజనాల బంతిలో కూర్చోలేదు. అంతమందిలో ఎడంచేత్తో ఎలా తినను? ఇంటికొచ్చి చెంచాతో పెరుగన్నం తిన్నాను.

మూడు వారాలు దాటాక నరాల పరీక్ష చేశారు. సెడన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1943లో నరాల గాయాలను మూడు రకాలుగా విడదీశాడని మా అబ్బాయి చదివి చెప్పాడు. నా భాషలో అయితే, గుడ్డ నలగడం ఒకటి, లోపలి పోగులు తెగినా లైనింగు నిలవడం రెండోది, మొత్తం తెగిపోవడం మూడోది. నాది రెండోది కావచ్చన్నారు. లైనింగు ఉంది కాబట్టి పోగు దాని వెంటే మళ్లీ పెరుగుతుంది, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు.

మిల్లీమీటరు నాకేం తెలుసు? లెక్క వేసుకున్నాను, ఇంచికి ఇరవై అయిదు రోజులు. విరిగిన చోటునుంచి మోచెయ్యి దాకా టేపు పెడితే అయిదించులు.

నెలనెలా డాక్టరుగారు చేతిమీద వేలితో తట్టేవారు. ఒకచోట తట్టగానే బొటనవేలి వెనక, మొద్దుబారిన చోటికి జివ్వున పాకేది. పోగు కొస అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఇంటికొచ్చి ఆ చోట గుడ్డ మీద గీసే చాక్‌పీసుతో గీత గీసి, కొలత ఆర్డర్ల పుస్తకంలో రాసుకునేదాన్ని, జాకెట్ల చంక కొలతల పక్కనే. ఆ చోటు ఒక నెల ఇంచికి పైన దిగింది, ఒక నెల ముప్పావు కూడా లేదు. ఆ ముప్పావు నెల ఎవరితోనూ మాట్లాడలేదు.

ధనుర్మాసం మొదట్లో మోచేతి పక్క కండ చిన్నగా ఉబికింది. సంక్రాంతి ముగ్గులకి మణికట్టు కొంచెం లేచింది. శివరాత్రి దాటాక వేళ్లు. బొటనవేలు అన్నిటికన్నా ఆఖరున, అందరూ తిన్నాక వచ్చే చుట్టంలా.

ఉగాది వెళ్లిన వారానికి ఓ మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాత దిండు గలీబు మీద కత్తెర పెట్టాను. మూశాను. తెరుచుకుంది. ఆ గలీబంతా ముక్కలు చేసేశాను.

సాయంత్రానికి బొటనవేలు ఇంకా అలిసిపోతోంది. హుక్కులూ కాజాలూ పక్కింటి అమ్మాయికిస్తున్నాను, జాకెట్టుకి ఇరవై రూపాయలు.